ఎయిర్ బైపాస్ రోడ్డులో నాలుగు ఆదివారాలు: విదేశీ చదువుల సన్నాహక తరగతిపై ఒక తండ్రి సమీక్ష

మా చిన్నమ్మాయికి జర్మనీలో ఎం.ఎస్. సీటు వచ్చింది. దరఖాస్తుల పని చేసిపెట్టిన తిరుపతి కన్సల్టెన్సీవారే, ప్రయాణానికి ముందు నాలుగు ఆదివారాలు సన్నాహక తరగతులు నడుపుతున్నామని చెప్పి, విద్యార్థికీ తల్లిదండ్రుల్లో ఒకరికీ కలిపి 6,000 రూపాయలు తీసుకున్నారు. సంస్థ పేరు ఇక్కడ రాయడం లేదు. నేను తప్పుపట్టేది ప్రధానంగా వారిచ్చిన పుస్తకంలోని ఒక అధ్యాయాన్ని, దాన్ని సరిచేస్తామని వారు మాట ఇచ్చి ఉన్నారు. ఎయిర్ బైపాస్ రోడ్డులో ఇలాంటి సంస్థలు చాలానే ఉన్నాయి కాబట్టి, ఎక్కడ చేరినా ఏమి అడగాలో తెలుసుకోవడానికి ఈ నాలుగు మాటలు పనికొస్తాయని రాస్తున్నాను.

మొదటి రెండు ఆదివారాల గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు, ఎందుకంటే అవి బాగున్నాయి. వీసా కోసం ముందే డబ్బు జమచేయవలసిన బ్లాక్డ్ అకౌంట్‌లో ఏడాదికి 11,904 యూరోలు చూపాలని, అందులోంచి నెలకు 992 యూరోల చొప్పున మాత్రమే చేతికి వస్తాయని, చదువుకుంటూ ఏడాదికి 140 పూర్తి రోజులు గానీ 280 సగం రోజులు గానీ పనిచేయవచ్చని, ఆరోగ్య బీమా కాగితం లేనిదే విశ్వవిద్యాలయంలో పేరు నమోదు కాదని లెక్కలతో సహా చెప్పారు. చెప్పినవన్నీ నేను ఇంటికి వెళ్లి సరిచూసుకున్నాను, తప్పు దొరకలేదు. కాగితాల పనిలో వీరికి వంక పెట్టలేము.

మూడో ఆదివారం కోసమే ఈ సమీక్ష. ఆనాటి అంశం 'యూరప్ రాజకీయాలు, వలసదారుల సంక్షేమం'. తిరుపతిలో డబ్బు తీసుకుని చెప్పే తరగతిలో ఈ అంశం పెట్టాలన్న ఆలోచన ఎవరికి వచ్చిందో గానీ, వారిని మెచ్చుకోవాలి. బ్యాంకు నిల్వ ఎంత అన్న ప్రశ్న వీసా చేతికొచ్చిన రోజుతో తీరిపోతుంది, ఈ దేశపు ఉమ్మడి సొమ్ములో బయటినుంచి వచ్చినవాడికి వాటా ఉందా, ఉంటే ఎప్పటినుంచి, ఏ షరతు మీద అన్న ప్రశ్న మాత్రం ఆ పిల్లలు అక్కడ ఉన్నన్నాళ్లూ వారి చుట్టూ తిరుగుతూనే ఉంటుంది. ఇంటర్ విద్యార్థులకు ముప్పై ఏళ్లు పౌరశాస్త్రం చెప్పి రిటైరైనవాణ్ని కాబట్టి, మా అమ్మాయి ఎంత మొహమాటపడినా, ఆ రోజు ముందు వరుసలోనే కూర్చున్నాను.

పాఠం చెప్పినది అక్కడ మూడేళ్లు చదివి, పనిచేసి తిరిగివచ్చిన ఒక యువకుడు. మాట స్పష్టంగా ఉంది. తెలియనిది అడిగితే తెలియదని ఒప్పుకున్నాడు, ఆ గుణం అధ్యాపక వృత్తిలో నేను అరుదుగా చూశాను. లోపమంతా అతని చేతికిచ్చిన పుస్తకంలో ఉంది.

ముందుగా పుస్తకం వాడిన పేరు. వలసలను వ్యతిరేకించే యూరప్ పార్టీలను అది 'అతి మితవాద జనాకర్షక పార్టీలు' అని పిలిచింది. మన పాఠ్యపుస్తకాల్లో మితవాదులంటే గోఖలే, అతివాదులంటే తిలక్. 'అతి మితవాది' అన్నది వినగానే వెనక వరుస పిల్లలు నవ్వారు, మరీ నెమ్మదస్తుడని అర్థం చేసుకుని ఉంటారు. 'జనాకర్షక' అన్న మాట ఇంకా ఇబ్బంది పెట్టింది. 1983లో కిలో రెండు రూపాయల బియ్యం నాటినుంచి మన రాష్ట్రంలో జనాకర్షకం అంటే ప్రభుత్వం పంచిపెట్టేది అని స్థిరపడిపోయింది. యూరప్‌లో పాపులిజం అన్నప్పుడు పంచడం గురించి చెప్పడం లేదు. నిజాయితీపరులైన మామూలు జనం ఒకవైపు, వారిని మోసగిస్తున్న పెద్దలు మరోవైపు అని దేశాన్ని రెండుగా విడదీసి చూపే వాదానికి అక్కడ ఆ పేరు. ఆ వాదానికి తోడు, దేశం ఆ గడ్డమీది జాతివారికే చెందాలన్న పట్టుదల, నేరం, క్రమశిక్షణ విషయాల్లో కఠినంగా ఉండాలన్న వైఖరి కలిస్తే, అలాంటి పార్టీని రాజనీతి శాస్త్రజ్ఞులు పాపులిస్టు రాడికల్ రైట్ అంటున్నారు. తెలుగులో దీనికి అందరూ ఒప్పుకున్న మాట ఇంకా రాలేదు కనుక, నేను ఇక్కడ రాడికల్ రైట్ అనే రాస్తాను.

పేరు తప్పితే సర్దుకోవచ్చు. అసలు తప్పు ఆ అధ్యాయం మొదటి పేజీలోనే ఉంది. 'ఈ పార్టీలు పన్నులు తగ్గించి, సంక్షేమ పథకాలను ఎత్తివేయాలని కోరుకుంటాయి' అని పుస్తకం రాసింది. ఇది ఒకప్పుడు కొంతవరకు నిజం. డెన్మార్క్‌లో మోగెన్స్ గ్లిస్ట్రప్ అనే పన్నుల లాయరు, తాను ఆదాయపు పన్ను ఒక్క క్రోన్ కూడా కట్టడం లేదని టెలివిజన్‌లో చూపించి పేరు తెచ్చుకుని, 1972లో ప్రోగ్రెస్ పార్టీ పెట్టి, మరుసటి ఏడాది ఎన్నికల్లోనే దాన్ని పార్లమెంటులో రెండో పెద్ద పార్టీగా నిలబెట్టాడు. రక్షణ శాఖ దండగ, 'మేము లొంగిపోతున్నాం' అని రష్యన్ భాషలో చెప్పే టెలిఫోన్ రికార్డింగు ఒకటి పెడితే చాలు అన్నది ఆయన ప్రతిపాదన. ఈ ముక్క తరగతిలో చెప్పి ఉంటే పిల్లలు జీవితంలో మరచిపోయేవారు కాదు.

కానీ పన్నులు వద్దనే పార్టీగా అది ఎక్కువ కాలం నిలవలేదు. వృద్ధులు, కార్మికులు, చిన్న జీతగాళ్లు ఓట్లు వేయడం మొదలుపెట్టాక, వారికి ఇష్టమైన పింఛనునూ ఆసుపత్రినీ తీసేస్తామని ఏ పార్టీ మాత్రం చెప్పగలదు? ఆ దశలో వాదం మారింది. పింఛను ఉండాలి, ఆసుపత్రి ఉండాలి, వృద్ధులకు ఇంకా ఎక్కువ ఇవ్వాలి, అయితే అది మనవాళ్లకే ఉండాలి అన్నది కొత్త వాదం. యోర్గెన్ గౌల్ ఆండర్సన్, టోర్ బ్యోర్క్‌లుండ్ అనే ఇద్దరు పరిశోధకులు డెన్మార్క్, నార్వే ప్రోగ్రెస్ పార్టీలను పరిశీలించి, 1990లో దీనికి వెల్ఫేర్ షావినిజం అని పేరు పెట్టారు. సంక్షేమ దురభిమానం అని మనం అనుకోవచ్చు. 1995లో గ్లిస్ట్రప్ పార్టీనుంచి విడిపోయి పియా కేర్స్‌గార్డ్ స్థాపించిన డానిష్ పీపుల్స్ పార్టీ ఈ వాదాన్నే నడిపి, 2015లో 21.1 శాతం ఓట్లు తెచ్చుకుంది. నెదర్లాండ్స్‌లో గీర్ట్ విల్డర్స్ అనే రాడికల్ రైట్ నాయకుడు కూడా మార్కెట్ స్వేచ్ఛను సమర్థించే పార్టీలోంచి బయటికి వచ్చినవాడే. 2023లో ఆయన పార్టీ 150 స్థానాల్లో 37 గెలిచి మొదటి స్థానంలో నిలిచినప్పుడు, ఆరోగ్య బీమాలో రోగి తన జేబులోంచి ముందుగా కట్టవలసిన 385 యూరోల భారాన్ని రద్దు చేస్తామని వాగ్దానం చేసింది. ఆ మాట వామపక్షం చెప్పినా అతికేది.

కాబట్టి పుస్తకం చెప్పినదాన్ని నమ్మి వెళ్లిన విద్యార్థి, ఆసుపత్రులకు నిధులు పెంచాలని, వృద్ధాశ్రమాల్లో సిబ్బందిని పెంచాలని కోరే కరపత్రం చూసి, ఇది మనకు కీడు తలపెట్టే పార్టీ కాదనుకుంటాడు. కరపత్రం రెండో వైపు తిప్పితే గానీ, ఆ డబ్బు ఎవరి దగ్గరనుంచి మిగల్చాలనుకుంటున్నారో తెలియదు.

ఈ లోటును అధ్యాపకుడు కొంత పూడ్చాడు. 2010 ఎన్నికల్లో స్వీడన్‌లోని రాడికల్ రైట్ పార్టీ స్వీడన్ డెమొక్రాట్స్ తయారుచేసిన ప్రకటనను అతను వర్ణించి చెప్పిన తీరు ఆ రోజుకంతటికీ మేలైన భాగం. చేతి ఊతబండి పట్టుకుని ఒక స్వీడిష్ వృద్ధురాలు ప్రభుత్వ సొమ్ము ఉన్న బల్ల వైపు మెల్లగా నడుస్తూ ఉంటుంది. ఆమెను దాటుకుని, బురఖాలు వేసుకున్న స్త్రీలు పిల్లల బండ్లను తోసుకుంటూ పరుగెత్తుతారు. కోత పింఛనుకు పెట్టాలా, వలసకు పెట్టాలా, మీరే తేల్చుకోండి అని ప్రకటన అడుగుతుంది. టీవీ4 ఛానల్ దాన్ని ప్రసారం చేయడానికి నిరాకరించింది. నిరాకరించిందన్న వార్తతోనే అది మరింతమందికి చేరింది. ఆ ఏడాది ఆ పార్టీ 5.7 శాతం ఓట్లతో తొలిసారి పార్లమెంటులో అడుగుపెట్టింది. 2022 నాటికి 20.5 శాతంతో రెండో పెద్ద పార్టీ అయింది.

ప్రకటనలోని ఎత్తుగడ ఏమిటని అతను పిల్లలను అడిగాడు. మతం అని ఒకరు, రంగు అని ఒకరు అన్నారు. మా అమ్మాయి మాత్రం, "బల్ల మీద డబ్బు కొంతే ఉన్నట్టు, ఒకరికి ఇస్తే ఇంకొకరికి మిగలనట్టు చూపించారు," అంది. నా కూతురని చెప్పడం కాదు గానీ, ఆ అధ్యాయం ఆరు పేజీల్లోనూ లేని మాట అది.

తరువాత అతను తిరుపతివారికి అర్థమయ్యే ఉదాహరణ ఒకటి ఎత్తుకున్నాడు. ప్రతి నెలా మొదటి మంగళవారం స్థానికులకిచ్చే శ్రీవారి దర్శనానికి ఎంతమంది వెళ్లారని అడిగితే సగం చేతులు లేచాయి. ఆధార్ కార్డులో తిరుపతి చిరునామా లేకుండా, పదేళ్లుగా ఇక్కడే అద్దెకు ఉంటూ హోటల్లో పనిచేస్తున్న ఒడిశా మనిషికి ఆ టోకెన్ ఇవ్వాలా వద్దా అని అడిగాడు. గది రెండుగా చీలిపోయింది. మార్చుకోవచ్చు కదా చిరునామా అని కొందరు, ఊరివాళ్లకని పెట్టినదాన్ని ఊరివాళ్లకే ఉంచాలని కొందరు. ఇంజనీరింగ్ కౌన్సెలింగ్‌లో శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయ పరిధికి 85 శాతం సీట్లు లోకల్‌గా దక్కి ఇక్కడిదాకా వచ్చిన పిల్లలు అక్కడ చాలామంది ఉన్నారు. నాన్ లోకల్ అన్న మాట కొత్త కాదు, అది రేపు తమకు తగులుతుందన్నది కొత్త. ఇంతలో పుత్తూరునుంచి వచ్చిన ఒక తల్లి, "కొండమీద అన్నప్రసాదం పంక్తిలో ఎవురూ ఏ ఊరని అడగరు కదా సార్," అంది. అధ్యాపకుడు నవ్వి, అవునమ్మా అని ముందుకు వెళ్లిపోయాడు.

అక్కడ ఆగవలసింది. ఆమె అన్న మాటలోనే ఆ రోజు పాఠమంతా ఉంది. అన్నప్రసాదం ఆకలితో వచ్చిన ప్రతివారికీ పెట్టేది. స్థానిక దర్శనం ఊరిలో నివాసాన్ని బట్టి దక్కేది. మన ఉద్యోగుల ప్రావిడెంట్ ఫండ్ మూడో రకం, జీతంలోంచి కట్టినవాడికి కట్టినదాన్ని బట్టి వచ్చేది. యూరప్ సంక్షేమం కూడా ఇలాగే ఒకే మూట కాదు. రాడికల్ రైట్ పార్టీల ప్రణాళికలను పరిశీలించినవారు చెప్పేదేమిటంటే, వాటి దాడి అన్ని పథకాల మీదా ఒకే తీరుగా ఉండదు. చందా కట్టి సంపాదించుకున్న నిరుద్యోగ బీమా, పింఛను జోలికి అవి తక్కువగా వెళ్తాయి. అవసరాన్ని బట్టి ఇచ్చే సాయం, అందరికీ ఇచ్చే పిల్లల భత్యం, ఇళ్ల కేటాయింపు వంటివాటి దగ్గర స్వరం హెచ్చిస్తాయి. ఈ తేడా తెలియని విద్యార్థికి 'సంక్షేమం' అన్న మాట ఎంత చెప్పినా పొగమంచులాగే ఉంటుంది. మన స్థానిక కోటాలతో పోలిక కూడా కొంత దూరమే నడుస్తుందని ఎవరైనా చెప్పి ఉండవలసింది. ఇక్కడ లోకల్, నాన్ లోకల్ ఇద్దరూ ఒకే దేశపు పౌరులు, ఇద్దరికీ ఓటుంది. అక్కడ ఎవరి వాటా గురించి వాదం నడుస్తోందో వారిలో చాలామందికి పార్లమెంటు ఎన్నికల్లో ఓటు లేదు.

పలమనేరు దగ్గరి పల్లెనుంచి కొడుకుతో వచ్చిన ఒక రైతు ఆ రోజు అడిగిన ప్రశ్న ఇప్పటికీ నా చెవిలో ఉంది. "మావోడు పన్ను కట్టినాక కూడా బిచ్చానికొచ్చినోళ్ల లెక్కనే చూస్తారా సార్?" అని అడిగాడాయన. పుస్తకంలో దీనికి సమాధానం 'అక్కడి ప్రజల్లో వలసదారుల పట్ల వ్యతిరేకత పెరుగుతోంది' అన్న ఒక్క వాక్యం. ఇది సమాధానం కాదు. జనం అభిప్రాయాలను దశాబ్దాలుగా అడిగి తెలుసుకున్న సర్వేలు ఉన్నాయి, అవి ఇంతకంటే చాలా నిక్కచ్చిగా మాట్లాడతాయి. విమ్ వాన్ ఓర్‌స్కాట్ అనే పరిశోధకుడు యూరప్ దేశాల సర్వేలను పరిశీలించి, సాయానికి ఎవరు అర్హులని జనం అనుకుంటారో 2006లో వివరించాడు. వృద్ధులు మొదట, తరువాత జబ్బుపడినవారు, వికలాంగులు, ఆ తరువాత నిరుద్యోగులు, అందరికంటే చివర వలసదారులు. దేశం మారినా ఈ వరుస దాదాపు మారలేదు. అర్హతను తూచేటప్పుడు జనం మనసులో మెదిలే ప్రశ్నలను కూడా ఆయన గుర్తించాడు. ఈ స్థితికి తన తప్పేమైనా ఉందా, కృతజ్ఞతగా ఉన్నాడా, ఇంతకుముందు తానేమైనా ఇచ్చాడా, మనలో ఒకడేనా, నిజంగా అవసరం ఉందా అన్నవి ఆ ప్రశ్నలు.

ఈ ఐదింటిలో రైతు ప్రశ్నకు తగినది మూడోది. 2008లో యూరోపియన్ సోషల్ సర్వే జనానికి ఐదు జవాబులిచ్చి ఒకటి ఎంచుకోమంది. వలసదారులకు వచ్చిన వెంటనే హక్కులివ్వాలా, పనిచేసినా చేయకపోయినా ఒక ఏడాది ఉంటే చాలా, కనీసం ఏడాది పనిచేసి పన్ను కట్టాక ఇవ్వాలా, పౌరసత్వం వచ్చాకేనా, ఎప్పటికీ వద్దా? ఎక్కువమంది ఎంచుకున్నది ఆ మధ్యదానినే, పనిచేసి పన్ను కట్టాక ఇవ్వాలన్నదానినే. ఎప్పటికీ వద్దన్నవారు కొద్దిమంది. రైతుకు చెప్పవలసిన జవాబు ఇది: పన్ను కట్టినవాడిని వేరుగా చూసే మనసు సామాన్య జనంలో చాలామందికి ఉంది. రాడికల్ రైట్ పార్టీలు ఆ మనసును 'ఇచ్చినవాడికి ఇద్దాం' అన్నచోటినుంచి 'మనవాడికి ఇద్దాం' అన్నచోటికి, అంటే మూడో ప్రశ్ననుంచి నాలుగో ప్రశ్నకు జరపడానికి ప్రయత్నిస్తాయి. తరగతి అయ్యాక మెట్లు దిగుతూ ఆయనకు ఈ మాట నేను చెప్పాను. 6,000 ఇచ్చినది నాకు కాదు గదా అని మా అమ్మాయి ఎగతాళి చేసింది.

పుస్తకంలో రెండో పెద్ద లోపం ఒక ఓదార్పు మాట రూపంలో ఉంది. 'ఈ వ్యతిరేకత శరణార్థుల మీదే, నైపుణ్యం ఉన్న మన విద్యార్థులకు దీనితో సంబంధం లేదు' అంటుందది. సగం నిజమైన ఈ మాట మొత్తం అబద్ధం కంటే ఎక్కువ నష్టం చేస్తుంది. చట్టాలు రాసేటప్పుడు ఎవరి మీద కోపమో వారి పేరు రాయరు, షరతు రాస్తారు. డానిష్ పీపుల్స్ పార్టీ బయటినుంచి మద్దతిచ్చిన ప్రభుత్వం 2002లో తెచ్చిన 'ప్రారంభ సాయం' ఇందుకు మంచి ఉదాహరణ. గత ఎనిమిదేళ్లలో ఏడేళ్లు డెన్మార్క్‌లో నివసించనివారికి మామూలు సాయం కంటే బాగా తక్కువ మొత్తం ఇవ్వాలన్నది ఆ చట్టం. అందులో వలసదారు అన్న షరతు లేదు, విదేశాల్లో ఉండి వచ్చిన డేన్ జాతీయుడికీ అదే వర్తించింది. తరువాతి ప్రభుత్వం దాన్ని రద్దు చేసింది, 2015లో ఇంకో పేరుతో తిరిగి వచ్చింది.

ఆస్ట్రియా కథ ఇంకా చెప్పుకోదగ్గది. అక్కడ రాడికల్ రైట్‌కు చెందిన ఫ్రీడమ్ పార్టీ భాగస్వామిగా ఉన్న ప్రభుత్వం, పిల్లలు వేరే దేశంలో ఉన్న కార్మికుల కుటుంబ భత్యాన్ని ఆయా దేశాల జీవన వ్యయానికి తగ్గట్టు లెక్కగట్టాలని, 2019 జనవరి 1నుంచి అమలుచేసింది. దెబ్బ తగిలినది ఎవరికి? ఆస్ట్రియన్ ముసలివారిని ఇంట్లో ఉండి ఇరవై నాలుగు గంటలూ చూసుకోవడానికి, తమ పిల్లలను ఊళ్లో వదిలి స్లొవేకియానుంచి, రొమేనియానుంచి వచ్చే ఆడవాళ్లకు. వారు పన్ను మాత్రం అక్కడివారితో సమానంగానే కట్టారు. 2022 జూన్‌లో యూరోపియన్ యూనియన్ న్యాయస్థానం ఈ కారణాన్ని కూడా చూపి ఆ చట్టం చెల్లదంది. సముద్రం దాటి కువైట్‌లో పనిచేసి, ఇక్కడ వదిలివెళ్లిన పిల్లలను పెంచి పెద్ద చేసిన తల్లులు మన కడప, చిత్తూరు ఊళ్లలో ఎంతమంది! ఈ ఉదాహరణ మన తరగతిలో ఎంత బలంగా నాటుకునేదో పుస్తకం రాసినవారికి తట్టలేదు.

ఇక నేరుగా మన విద్యార్థి సంగతి. జర్మనీలో నివాస అనుమతికి మూల షరతు, తన బతుకు తాను ప్రభుత్వ సాయం లేకుండా గడుపుకోగలగడం. పుస్తకం 'అక్కడ సామాజిక భద్రత చాలా గొప్పది' అని ఒక పేజీలో, 'మీరు దానికి అర్హులు కారు' అని ఇంకో పేజీలో రాసి వదిలేసింది. నిజానికి రెండు వేర్వేరు సంగతులు చెప్పాలి. ఉద్యోగంలో చేరి కనీసం పన్నెండు నెలలు చందా కట్టాక ఉద్యోగం పోతే వచ్చే నిరుద్యోగ భత్యం, పిల్లలు లేనివారికి నికర జీతంలో 60 శాతం, అది కట్టుకున్న బీమా. ఏమీ లేనివారిని ఆదుకోవడానికి ఇచ్చే సాయం వేరు, దాన్ని అడిగితే అనుమతి పొడిగింపులోనూ, రేపు పౌరసత్వం దగ్గరా ప్రశ్న తలెత్తుతుంది. హక్కు ఉందా అన్నది ఒక ప్రశ్న, వాడుకుంటే ఏమవుతుందన్నది మరొకటి. సన్నాహక తరగతి అన్న పేరు పెట్టుకున్నవారు ఈ ఒక్క తేడా చెప్పినా ఫీజు గిట్టుబాటయ్యేది.

'అలాంటి పార్టీ అధికారంలోకి వస్తేనే మనకు ఇబ్బంది' అన్న వాక్యం కూడా ఉంది. దీని మీద ఎక్కువ రాయను. శరణార్థులకు నగదు బదులు చెల్లింపు కార్డు ఇచ్చే చట్టాన్ని 2024లో జర్మనీలో చేసినది సోషల్ డెమొక్రాట్లు, గ్రీన్లు, ఫ్రీ డెమొక్రాట్లు కలిసి నడిపిన ప్రభుత్వం. జర్మనీ రాడికల్ రైట్ పార్టీ ఏఎఫ్‌డీ ప్రతిపక్షంలో కూర్చునే ఉంది. డెన్మార్క్‌లో 2019లో సోషల్ డెమొక్రాట్లు కఠిన వలస విధానాన్ని తామే ఎత్తుకుని గెలిచారు, డానిష్ పీపుల్స్ పార్టీ 8.7 శాతానికి పడిపోయింది. ఓట్లు పోయాయి, వాదం మాత్రం ప్రభుత్వంలో కూర్చుంది. బ్రిటన్ చూడండి: మన విద్యార్థి అక్కడి ప్రభుత్వ ఆసుపత్రుల సేవకు ఏడాదికి 776 పౌండ్లు ఆరోగ్య సర్‌చార్జి కడతాడు, ఉద్యోగంలో చేరాక 1,035 పౌండ్లు కడుతూ, అదే ఆసుపత్రులను నడిపే పన్నులు కూడా జీతంలోంచి కడతాడు. ఈ ఏర్పాటు 2015నుంచి ఉంది, పెంచుతూ వచ్చినది అక్కడి పెద్ద పార్టీల్లో ఒకటైన కన్సర్వేటివ్ పార్టీయే.

న్యాయస్థానాల గురించి పుస్తకంలో ఒక్క ముక్క లేకపోవడం నాకు బాధ కలిగించింది. ఫ్రాన్స్‌లోని విత్రోల్ పట్టణంలో, అక్కడి రాడికల్ రైట్ పార్టీ నేషనల్ ఫ్రంట్‌నుంచి చీలబోయే వర్గపు మేయరు 1998లో, పుట్టిన బిడ్డకు 5,000 ఫ్రాంకుల కానుక ప్రకటించి, తల్లిదండ్రుల్లో ఒకరైనా ఫ్రాన్స్ లేదా యూరోపియన్ యూనియన్ పౌరులై ఉండాలని షరతు పెడితే, కోర్టు కొట్టివేసింది. పౌరశాస్త్రం చెప్పినవాడికి ఇలాంటివి తీపి మిఠాయిలు, ఒప్పుకుంటాను. అయినా, తనకు అన్యాయం జరిగితే తలుపు తట్టడానికి ఒక చోటు ఉందని, ఓటు లేనివాడికి కూడా అది తెరిచే ఉంటుందని వెళ్లే పిల్లలకు తెలియాలి.

'వలసదారులు తీసుకునేదానికంటే ఇచ్చేదే చాలా ఎక్కువ' అని బడాయిగా రాసిన పేరా కూడా తగ్గించుకోవాలి. సంపన్న దేశాల ఆర్థిక సహకార సంస్థ ఓఈసీడీ 2013లో అనేక దేశాల లెక్కలు కలిపి చూస్తే, వలసదారులవల్ల ఖజానాకు కలిగే నికర ఫలితం సగటున సున్నాకు దగ్గరగానే, చాలా దేశాల్లో జాతీయోత్పత్తిలో అర శాతానికి అటూ ఇటూగా తేలింది. దోచుకుంటున్నారన్న ప్రచారానికి ఈ అంకె చాలినంత జవాబు. దాన్ని పొంగించి చెబితే అక్కడ ఎవరైనా నిలదీసినప్పుడు పిల్లవాడు తెల్లమొహం వేస్తాడు.

నాలుగో ఆదివారం భద్రత గురించి. ఏఎఫ్‌డీ 2013లో యూరో నాణేన్ని వ్యతిరేకించే పార్టీగా పుట్టి, 2015 తరువాత వలసల మీదికి మళ్లి, 2025 ఫిబ్రవరిలో 20.8 శాతంతో రెండో స్థానానికి చేరిందని, తూర్పు రాష్ట్రాలన్నిటిలో మొదటి స్థానంలో ఉందని చెప్పారు. విదేశీయులు తక్కువగా ఉండే ప్రాంతాల్లోనే వారిమీద కోపం ఎక్కువగా ఓటవుతోందన్న సంగతి కూడా, ఈసారి పుస్తకం చూడకుండా, ఆ యువకుడే చెప్పాడు. మా అమ్మాయి వెళ్లేది సాక్సనీకి, అంటే ఆ తూర్పు రాష్ట్రాల్లో ఒకదానికి. సీటు మార్చుకోవడం మంచిదని కౌంటర్ దగ్గర కూర్చున్న ఉద్యోగి ఒకరు సలహా ఇచ్చారు, మార్పిడికి వేరే ఫీజు ఉంటుందని కూడా చెప్పారు. విశ్వవిద్యాలయం, శాఖ, ఊరు చూడకుండా ఓట్ల శాతం చూసి ఇచ్చే ఆ సలహా నాకు నచ్చలేదు. "నాన్నా, నేను చదువుకోడానికి పోతున్నా, పోటీ చేయడానికి కాదు," అని మా అమ్మాయి తేల్చేసింది.

కాగితాల పనికి, మొదటి రెండు ఆదివారాలకు ఐదుకు నాలుగున్నర నక్షత్రాలు ఇస్తాను. పాఠం చెప్పిన యువకుడికి నాలుగు. పుస్తకంలోని ఆ అధ్యాయానికి ఒకటి, అది కూడా అంశాన్ని ఎత్తుకున్నందుకు. ఏసీ ఉంది, కుర్చీలు మాత్రం మూడు గంటలు కూర్చోదగ్గవి కావు. ఇద్దరికి 6,000 అన్నది ఈ ఊరి ధరలకు ఎక్కువే, తండ్రో తల్లో వెంట కూర్చోవడానికి వీలున్నందువల్ల నేను తప్పుపట్టను. చేరదలచినవారు డబ్బు కట్టేముందు ఆ మూడో ఆదివారపు అధ్యాయం చూపించమని అడగండి. నా ప్రతిలో ఆరు పేజీలకూ అంచుల్లో పెన్సిలుతో దిద్ది ఆఫీసులో ఇచ్చి వచ్చాను, వచ్చే బ్యాచ్‌కు కొత్తగా అచ్చు వేస్తామన్నారు. ఆ ప్రతి మాత్రం ఇంతవరకు తిరిగి ఇవ్వలేదు.